పిండి చాటు చేప

ఆ రోజుల్లో మా మలయ్ దేశంలో సైబర్‌జయను ఊరంటే ఎవరూ ఒప్పుకునేవారు కాదు. వెడల్పాటి రోడ్లు, వాటి పక్కన అద్దాల ఆఫీసులు, ఆఫీసుల వెనక ఇంకా కొట్టెయ్యని ఆయిల్‌పామ్ తోటలు. మధ్యాహ్నం నాలుగు మెతుకులు తినాలంటే కారున్న స్నేహితుణ్ణి మంచి చేసుకోవాలి. అప్పుడే చదువు ముగించి అక్కడొక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరిన నాకు కారు లేదు, వంట రాదు, తెలుగు అంతకన్నా రాదు. మొదటి రెండూ లేకపోయినా లోకంలో బతకొచ్చు. మూడోది రాకపోవడం వల్ల నా పెళ్ళి ఒక ఫిష్ అండ్ చిప్స్ ప్లేటు దగ్గర ఆగిపోబోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పుడు మాత్రం చొక్కా తడిసిపోయింది. (ఏసీ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. తప్పు దానిది కాదు.)

మా ఇంట్లో అందరం తెలుగువాళ్ళమే. ఒకప్పుడు రబ్బరు ఎస్టేటులో గుమాస్తాగా చేసిన తాతగారి గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళమే. కాని నాన్న అమ్మతో తమిళంలో పోట్లాడేవాడు, నాతో ఇంగ్లీషులో పోట్లాడేవాడు. ఇంట్లో తెలుగు మాట్లాడేది నాయనమ్మ ఒక్కతే. ఆవిడ పోయాక ఆ గొంతూ ఆగిపోయింది. ఎవరైనా మాట్లాడితే నాకు అర్థమయ్యేది. జవాబు మాత్రం గొంతు దాకా వచ్చి, అక్కడ తమిళం కాళ్ళు చాపుకుని కూర్చుని ఉండడం చూసి వెనక్కి తిరిగిపోయేది.

మా ఆఫీసులోనే పనిచేసే ఒక అమ్మాయి (ఇప్పుడు మా ఆవిడ) పోర్ట్ క్లాంగ్ నుంచి వచ్చేది. వాళ్ళ నాన్న ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. తెలిసినవాళ్ళందరికీ ఆయన క్రేన్ మావయ్య. జీవితమంతా ఎత్తు మీంచి కిందికి చూసిన అలవాటు వల్ల కాబోలు, మనుషుల్ని కూడా కంటెయినర్లని చూసినట్టు, దీన్ని ఎక్కడ పట్టి ఎత్తాలా అన్నట్టు చూసేవాడు. వాళ్ళ పెద్దలు ఉత్తరాంధ్ర నుంచి తోటల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఆ యాస ఆయన నాలుక మీద చెక్కుచెదరకుండా ఉండేది. కాబోయే అల్లుడికి ఆస్తి లేకపోయినా ఫరవాలేదు గాని తెలుగు రావాలని ఆయన పట్టుదల.

"నాన్నకి ఇంగ్లీషు వచ్చు, తమిళం వచ్చు, మలయ్ వచ్చు. కాని నీతో వాటిలో ఒక్క ముక్క కూడా మాట్లాడడు," అని ఆ అమ్మాయి ముందే చెప్పేసింది. సరే, మాటలతో కాకపోతే భోజనంతో గెలుద్దామనుకున్నాను. ఆయనకి ఏమిష్టమని అడిగితే ఫిష్ అండ్ చిప్స్ అంది. పోర్ట్ క్లాంగ్‌లో ఓడల మీద వంట చేసి వచ్చిన ఒక హైనానీస్ చైనా ముసలాయన కొట్టు ఉండేదట. జీతం చేతికొచ్చిన రోజు వాళ్ళ నాన్న పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికే వెళ్ళేవాడట. "అయితే అంతకన్నా గొప్ప చోటికి తీసుకెళ్తాను," అన్నాను. వయసు అలాంటిది మరి.

వారం రోజుల పాటు ఆఫీసు మెట్ల మీద ఆ అమ్మాయి నాకు తెలుగు పాఠాలు చెప్పింది. ముఖ్యమైన వాక్యం ఒకటి: "మీ అమ్మాయిని బాగా చూసుకుంటాను." బస్సులో, స్నానాల గదిలో, మీటింగుల్లో, ఎక్కడున్నా అదే వల్లించాను.

ఆదివారం వచ్చింది. కాబోయే అత్తగారు "ముందు మీరు సూసి రండి" అని ఇంట్లో ఉండిపోయింది. మావయ్య తన పాత కారులో కూతుర్ని ఎక్కించుకుని సైబర్‌జయ వచ్చాడు. నేను ఎంచిన కేఫ్‌లో గోడలకి పడవ తాళ్ళు, చుక్కానులు తగిలించి ఉండేవి. రేవులో పనిచేసిన మనిషి కదా, సంతోషిస్తాడనుకున్నాను. ఆయన ఆ తాళ్ళకేసి ఒకసారి చూసి, వేసిన ముడి తప్పని గొణిగి, మెనూ చేతిలోకి తీసుకున్నాడు. తీసుకున్నవాడు అదిరిపడి, "మహల్ లా!" అన్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మలయ్‌లో మహల్ అంటే ఖరీదు ఎక్కువని. లా అన్నది మా దగ్గర ప్రతి మాటకీ తగిలించే తోక. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి రోజూ వినే మాటే. కాని ఆ రోజు నా చెవులు తెలుగు తప్ప మరేదీ వినకూడదని ఒట్టుపెట్టుకుని ఉన్నాయి. నాయనమ్మ చెప్పిన కథల్లో రాజులు ఉండే మహల్ గుర్తొచ్చింది. కేఫ్‌ని చూసి మెచ్చుకుంటున్నాడనుకుని పొంగిపోయి, "అవును అంకుల్! నాకు ఎప్పుడూ మహల్ ఇష్టం!" అన్నాను. ఆ అమ్మాయి బల్ల కింద నా కాలు తొక్కింది. అదీ మెచ్చుకోలే అనుకున్నాను.

ప్లేట్లు వచ్చాయి. పొడవాటి తెల్ల ప్లేటులో బంగారు రంగు పిండి కవచం, పక్కన చిన్న ఇనుప బుట్టలో లెక్కపెట్టి పేర్చినట్టు చిప్స్. మావయ్య ఫోర్కుతో పిండిని ఒక పక్క నుంచి ఎత్తాడు. లోపల ఇంకో పొర పిండి. దాన్నీ ఎత్తి, తల వంచి లోపలికి చూశాడు.

"ఏటి బాబూ, సేపేది?"

నేనూ తొంగిచూశాను. లోపలెక్కడో ఒక సన్నటి తెల్లటి రేకు కనిపించింది.

"ఈ సేపకి జరమొచ్చి సిక్కిపోనాదేటి?" అని వెయిటర్‌ని పిలిచి, ఇది చేప కాదు, సోటోంగ్ అని మలయ్‌లో వాదానికి దిగాడు. (సోటోంగ్ అంటే స్క్విడ్. ప్లేటులో ఉన్నది మాత్రం నూటికి నూరుపాళ్ళూ చేపే. మావయ్య ఏ విషయమైనా తప్పుగా చెప్పినప్పుడే గొంతు ఎక్కువ పెంచుతాడని నాకు పెళ్ళయ్యాక తెలిసింది.) చుట్టూ కూర్చున్నవాళ్ళు మా వైపు తిరిగారు. వెయిటర్ "డోరీ ఫిష్, అంకుల్, డోరీ" అంటూ దాదాపు ఏడుపు మొహం పెట్టాడు. పరిస్థితి చెయ్యి దాటిపోతోందని నాకర్థమైంది. ఇదే సమయమనుకుని, వీపు నిటారుగా పెట్టి, వారం రోజులు వల్లించిన వాక్యాన్ని గట్టిగా వదిలాను.

"అంకుల్, మీ అమ్మాయిని బాగా చూసుకున్నాను!"

ఫోర్కు ఆగింది. ఆ అమ్మాయికి చిప్ గొంతులో అడ్డం పడింది. మావయ్య మెల్లగా తల తిప్పి, పైనుంచి కింది దాకా నన్ను కొలిచి, "ఎప్పుడు సూసినావు?" అన్నాడు.

ఒక్క అక్షరం ఎక్కడో తప్పిందని తెలుస్తోంది. ఏ అక్షరమో తెలియదు. "రోజూ," అన్నాను, ఇంకా నమ్మకం కలిగిద్దామని. "ఆఫీసులో."

ఆ అమ్మాయి దగ్గుతూ, నవ్వుతూ, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, అది గడిచిపోయిన సంగతి కాదనీ, ఇక ముందు చెయ్యబోయే పనికి చెప్పిన మాటనీ వాళ్ళ నాన్నకి వివరించింది. ఆయన మొహం మాత్రం మారలేదు. "లెగండి," అన్నాడు. "సేపంటే ఏటో సూపిస్తాను."

కారు పోర్ట్ క్లాంగ్ దారి పట్టింది. వెనక సీట్లో కూర్చున్న నాకు నా పెళ్ళి కిటికీలోంచి జారిపోతున్నట్టే ఉంది. స్టేషన్ దాటాక ఒక సందులో, ఆ హైనానీస్ కొట్టు ముందు మావయ్య కారు ఆపాడు. పాలరాతి బల్లలు, చెక్క కుర్చీలు, తిరుగుతూ మూలిగే ఫ్యాన్లు. "కురావు సేప ఏస్తాడు. అరసెయ్యంత ముక్క. సిప్సు ఆడే కోస్తాడు," అని కారు దిగుతూనే మొదలుపెట్టాడు. దిగేసరికి మనిషి పదేళ్ళు చిన్నవాడైనట్టున్నాడు. రిటైరయ్యాక అక్కడికి మళ్ళీ రాలేదట. ఒంటరిగా వచ్చి తినబుద్ధి కాలేదట.

కౌంటర్ దగ్గర ముసలాయన లేడు. ఆయన కొడుకు ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. గోడ మీద పాత ధర కొట్టేసి, దాని పక్కన రాసింది కూడా కొట్టేసి, పైన కొత్తది అంటించారు. మావయ్య అది చూశాడు గాని ఈసారి మహల్ అనలేదు. ప్లేట్లు వచ్చాయి. చేప కేఫ్‌లోదానికి తోబుట్టువే. చిప్స్ ఫ్రోజెన్ ప్యాకెట్‌లోంచి దూకినవని చూడగానే తెలుస్తోంది, అన్నీ ఒకే పొడుగు. మావయ్య పిండి ఎత్తాడు. లోపలికి చూశాడు. తర్వాత పిండిని మళ్ళీ జాగ్రత్తగా కప్పేశాడు, ఎవరికీ కనబడకూడదన్నట్టు.

ఆయన భుజాలు అలా కిందికి దిగడం చూస్తే నాకు నవ్వు రావలసింది. గంట క్రితం ఆయన నా పరువు తీశాడు కదా. కాని నవ్వు రాలేదు. అంత పెద్ద మనిషి ప్లేటు ముందు చిన్నబోయి కూర్చోవడం నాకు భరించరానిదిగా అనిపించింది. ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాను. ఏదో ఒకటి అనాలి. ఎవరూ నేర్పని మాట, వల్లించని మాట, నా నోట్లోంచి దానంతటదే వచ్చింది.

"మావయ్యా, పిండి బాగుంది."

ఆయన తలెత్తాడు. అన్నాక గాని నేను ఆయన్ని ఏమని పిలిచానో నాకు తట్టలేదు. ఆ అమ్మాయి తినడం ఆపి మా ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. మావయ్య నన్ను చాలాసేపు చూసి, ఒక పిండి ముక్క విరిచి తాను కూడా నోట్లో వేసుకుని నమిలాడు.

"అవున్రా, పిండి బాగానే ఉంది లా," అన్నాడు. ఆ తర్వాత బల్ల అదిరేలా నవ్వాడు. ఆ నవ్వు విని లోపలి నుంచి వంటవాడు తొంగిచూశాడు. "ఇంటికి రా. మీ అత్త నిన్ను సూడాల."

అలా నేను పిండితో గెలిచాను. పెళ్ళయ్యాక ఆయనా నేనూ మంచి ఫిష్ అండ్ చిప్స్ కోసం ఆదివారాలు తిరగడం మొదలుపెట్టాం. నిబంధన ఒక్కటే, ప్లేటు ముందున్నంతసేపూ తెలుగే మాట్లాడాలి. ఒకచోట చేప మందంగా ఉంటే చిప్స్ మెత్తగా ఉండేవి, ఒకచోట చిప్స్ కరకరలాడితే చేప నీళ్ళోడేది. రెండూ కుదిరిన చోటు రెండు నెలల్లో ధర పెంచేది, లేదా మూతపడేది. నా తెలుగు మాత్రం ఏ వారమూ తగ్గలేదు. ముందు మాటలొచ్చాయి, తర్వాత ఆయనే ఎక్కడో సంపాదించిన పాత వాచకంతో అక్షరాలొచ్చాయి. ఇలా రాయడం కూడా అక్కడి నుంచే.

ఇప్పుడు మావయ్యకి డాక్టరు వేపుళ్ళు మాన్పించారు. అయినా ఆదివారం రాగానే చొక్కా వేసుకుని తయారు. ఆయన పంచదార లేని టీ తాగుతాడు, నేను తింటాను. తింటూ ఎలా ఉందో వర్ణించాలి. ఆయన కళ్ళు మూసుకుని వింటాడు. పోయిన ఆదివారం కువాలా సెలంగోర్‌లో నది ఒడ్డున కూర్చున్నాం. ధర చూస్తే మహల్, పిండి ఎత్తి చూస్తే లోపల అదే సన్నటి రేకు.

"ఎలగుందిరా?" అన్నాడు కళ్ళు మూసుకుని.

"అరచెయ్యంత ముక్క మావయ్యా. విరిస్తే పొరలు పొరలుగా ఊడి వస్తోంది. లోపల్నించి పొగలు. చిప్స్ వీళ్ళే కోసినట్టున్నారు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి..."

మావయ్య ఒక్క కన్ను తెరిచి ప్లేటుకేసి చూశాడు. మళ్ళీ మూశాడు.

"అబద్దాలు కూడా తెలుగులోనే ఆడతన్నావు లా," అన్నాడు తృప్తిగా. "ఆపకు. ఇంకా సెప్పు."