తల గొరిగే డాక్టరు

మా అపార్టుమెంటులో పై అంతస్తు అమ్మాయికి ఈమధ్య తలలో గడ్డ తీశారు. ఐదో రోజుకల్లా ఇంటికి వచ్చేసింది. పలకరించడానికి వెళ్ళిన ఆడవాళ్ళందరూ ఆమె జడ ఎత్తి చూసి, ఇంత ఆపరేషనుకీ జుట్టు చెక్కుచెదరలేదే అని ముక్కున వేలేసుకుంటుంటే, మెదడు డాక్టరుగా బతుకంతా గడిపినవాణ్ణి కదా అని నేనూ లిఫ్టెక్కి వెళ్ళి చూశాను. వేలెడు వెడల్పున పాయ తీసి, ఆ సన్నటి దారిలోంచే పని కానిచ్చి, తిరిగి దువ్వి పంపించారట. సంతోషం కలిగింది, అబద్ధం చెప్పను. కానీ దాని వెంటే ఒళ్ళు మండింది, అంతమందిలో ఒక్కరైనా నీకు చూపు ఎలా ఉంది తల్లీ అని అడిగిన పాపాన పోలేదు. నేనడిగితే గోడ మీది క్యాలెండరులో చిన్నక్షరాలు కూడా గడగడా చదివి వినిపించింది. కిందికి వచ్చి కుర్చీ లాక్కుని ఇది రాయడం మొదలుపెట్టాను.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, పంతొమ్మిది వందల యాభైలలో మద్రాసులో తలకు ఆపరేషను అంటే ఇంటివాళ్ళు ఇక ఆ మనిషి మీద ఆశ వదులుకునేవారు. మా ఆస్పత్రిలో ఆ పనికి విడిగా గది కూడా ఉండేది కాదు. మిగతా సర్జన్లు దయతలిచి వారానికి రెండు పూటలు వదిలిపెట్టిన థియేటరులో, వడ్రంగి బర్మాలాంటి చేతి డ్రిల్లుతో ఎముకకు రంధ్రాలు పెట్టి, ఒక రంధ్రంలోంచి ఇంకోదానికి తీగ రంపం దూర్చి కోసేవాళ్ళం. స్కానులు లేవు, తలలోకి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసి, ఆ గాలి నీడ ఎటు ఒరిగిందో చూసి గడ్డ ఎక్కడుందో ఊహించుకోవడమే. ఇంగ్లండులో శిక్షణ పొంది వచ్చిన మా పెద్ద డాక్టరు, లేనివాటిని తలుచుకుని ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. నెత్తురు కారే నాళాలకు బిగించే బుల్లి వెండి క్లిప్పులు ఓడలో రావడం ఆలస్యమైతే, పురసవాక్కంలో కాలిమెట్టెలు చేసే ఒక వెండి పనాయన ముందు నన్ను కూర్చోబెట్టి, తీగను వంచి క్లిప్పులు చేయడం నేర్చుకు రమ్మన్నాడు. నేర్చుకున్నాను. మా చేతి క్లిప్పులు ఎన్ని తలల్లో మిగిలిపోయాయో నాకే తెలియదు.

అది ఇష్టంగానే చేశాను గాని, ఆయన పెట్టిన ఇంకో నియమం మాత్రం మొదట్లో నాకు మింగుడుపడలేదు. రోగి తల గొరగాల్సింది ఆస్పత్రి క్షురకుడు కాదు, తన దగ్గర పని నేర్చుకునే డాక్టరే. రేపు తెరవబోయే తలను చేత్తో తడిమి మిట్టపల్లాలు తెలుసుకోనివాడికి కత్తి పట్టే అర్హత లేదనేవాడు. పైగా చిన్న గాటు పడి చీము పడితే అది మెదడు దాకా పోతుందని ఆయన భయం. ఆస్పత్రి క్షురకుడు పెద్దాయన. తన పని లాక్కోవడానికి వచ్చానని నెలరోజులు నాతో మాట్లాడలేదు. చివరికి నా అవస్థ చూడలేక, "తోలును లాగి పట్టుకోవాల సార్, కత్తిని తొయ్యగూడదు, అదే జారతాది," అంటూ దగ్గరికి వచ్చి, నా పిక్క మీదే నాచేత పదిసార్లు గొరిగించి, చెవి వెనక చర్మాన్ని బొటనవేలితో ఎలా బిగించాలో చూపించాడు. నాకు చదువు చెప్పిన ప్రొఫెసర్ల వరసలోనే ఆయన్నీ లెక్కవేసుకుంటాను.

ఈ సంగతి ఇంట్లో తెలిసిన రోజు పెద్ద రభసే అయింది. మాది తరాలుగా మద్రాసులో స్థిరపడిన కుటుంబం, ఆచారాల దగ్గర మాత్రం ఇల్లు నాయనమ్మ చెప్పినట్టే నడిచేది. "మంగలి పని చేసేదానికేనారా నిన్ను డాక్టరుకు చదివించింది?" అని ఆవిడ నెత్తీ నోరూ బాదుకుని, ఆనాటి నుంచి నేను పెరటి కొళాయి కింద స్నానం చేస్తేనే గాని గడప తొక్కనివ్వలేదు. ఆ నాయనమ్మే నెలకోసారి సందు వైపు తలుపు తీయించి, ఇంటి క్షురకుణ్ణి అదే పెరట్లోకి రప్పించి, తన కన్నకూతురికి, అంటే మా మేనత్తకు, తల గొరిగించేది. అత్తకు పదమూడో ఏట భర్త పోయాడు. పదిహేనో ఏట జుట్టు తీసేశారు. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళూ ఆవిడ మా వంటింట్లోనే ఉండిపోయింది, నాకు ఆపరేషన్లున్న రోజుల్లో నేను ఎంత ఆలస్యంగా వచ్చినా అన్నం వేడిగా ఉంచింది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదే గనక ఆ గుండులో నాకు వింతేమీ కనబడేది కాదు.

అలాంటి రోజుల్లో తిరువొత్తియూరు నుంచి ఇరవై ఏళ్ళ అమ్మాయిని తీసుకొచ్చారు. భర్త అక్కడి ఫ్యాక్టరీలో గుమాస్తా. ఆరు నెలలుగా తలనొప్పి, రోజురోజుకీ చూపు మసకబారుతోంది. కంటి నరాల మీద గడ్డ కూర్చుని నొక్కుతోందనీ, వారంలో తీసేస్తే చూపు దక్కుతుందనీ, ఆలస్యమైతే దక్కదనీ పెద్ద డాక్టరు విడమరిచి చెప్పాడు. అంతా విన్న అత్తగారు, తల గొరగాలనేసరికి మిన్ను విరిగి మీద పడ్డట్టు లేచింది. "నా కొడుకు గుండ్రాయి మాదిరి ఉండాడు, దాని తల గొరిగేదేంది సార్?" అన్న మాట నా చెవుల్లో ఇప్పటికీ ఉంది. తిరుపతి మొక్కనుకోండమ్మా అని నేను బతిమాలితే, మా ఇళ్ళల్లో ముత్తైదువలు మూడు కత్తెరలే ఇస్తారు, గుండు చేయించుకోరంది. పెద్ద డాక్టరు తన పట్టుదల చంపుకుని, ముందు సగం మాత్రం తీసి వెనక సగం వదిలేస్తాను, దాంతో కప్పుకోవచ్చు అన్నాడు; అలా ఎవరూ చేయని రోజుల్లో ఆయన ఒప్పుకున్నదే గొప్ప. అదీ ఆవిడ చెవికెక్కలేదు. భర్త అనేవాడు వాళ్ళమ్మ ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను ఆ అమ్మాయి కళ్ళ ముందు వేళ్ళు చూపించి ఎన్నో చెప్పమంటున్నప్పుడు, తను మాత్రం నాకొక్కడికే వినబడేట్టు, "జుట్టు పోతే పోనీ సార్, నాకు కండ్లు కావాల," అంది.

ఆ మాట నేను విన్నాను. పెద్ద డాక్టరుకు చెప్పాను కూడా. అయినా మా ఒప్పుకోలు కాగితంలో భర్త సంతకానికే చోటుంది, ఆమె సంతకానికి లేదు. తల ఆమెది, కళ్ళు ఆమెవి, మైనరూ కాదు. అయినా డాక్టర్ల మాట కాదని తీసుకుపోతున్నామని భర్త సంతకం పెట్టేస్తే, ఇంతింత చదువులు చదివిన మేమందరం ఆ కాగితాన్ని జాగ్రత్తగా ఫైల్లో పెట్టుకుని ఊరుకున్నాం. ఆమె గోడ తడుముకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజు ఇంట్లో విస్తరి ముందు కూర్చుని నోటికొచ్చినట్టు తిట్టాను, ఆ అత్తగారిని, ఆ మొగుణ్ణి, లోకాన్ని. మా అత్త మజ్జిగ చెంబు పట్టుకుని దూరంగా నిలబడి అంతా వింది. ఎప్పుడూ నోరు మెదపని మనిషి, మెల్లగా అడిగింది: "ఆ పిల్లకు కండ్లు పోతాయని గొరుగుతామంటే తప్పంటుండారు. నాకేం పోతాదని గొరిగినార్రా?"

నాన్న పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. నాయనమ్మ విననట్టే లేచి వెళ్ళిపోయింది.

తరవాతి నెల ఇంటి క్షురకుడు వస్తే అత్త వంటింట్లోంచి బయటికి రాలేదు. మరుసటి నెలా అంతే. ఇల్లు మైలపడిందని నాయనమ్మ అన్నం మానేసింది, అమ్మ ఏడ్చింది, చుట్టాలు వచ్చి నీతులు చెప్పారు. అత్త వెనక నిలబడి ఒక్క మాట అనాల్సిన నేను ఏం చేశానో సిగ్గు విడిచి రాస్తున్నాను: వార్డులో పనుందని చెప్పి రోజూ పెందలాడే ఆస్పత్రికి పారిపోయాను. ఊరివాళ్ళ మీద మండిపడడం తేలిక, అందులో మనకు పోయేదేమీ లేదు కదా.

రెండున్నర నెలలకు తిరువొత్తియూరు అమ్మాయిని మళ్ళీ తీసుకొచ్చారు, ఈసారి స్ట్రెచరు మీద, వాంతులతో. వేళ్ళు చూపించాను. దీపం చూపించాను. చీకటి తప్ప ఏమీ లేదంది. ఇప్పుడు అత్తగారు, ఎట్టన్నా చెయ్యండి సార్, తల గొరగండి, కావాలంటే నాదీ గొరగండి అని కాళ్ళమీద పడింది. గొరిగాను. నడుము దాటిన జుట్టు, ఎప్పటిలాగే గుడ్డలో మూటకట్టి వాళ్ళకే ఇచ్చాను. పెద్ద డాక్టరు ఏడు గంటలు నిలబడి నిమ్మకాయంత గడ్డను తునక మిగలకుండా తీశాడు, మా పురసవాక్కం క్లిప్పులు ఒక్కటీ జారలేదు. ప్రాణం దక్కింది. చూపు రాలేదు.

ఏడాది తరవాత పరీక్షకు తీసుకొచ్చినప్పుడు ఆ అత్తగారు ముందు చూపించింది కోడలి జడే. పెరిగిన జుట్టుకు, ఆనాడు నేనిచ్చిన మూటతో చేయించిన సవరం కలిపి, బారుగా అల్లి, మల్లెపూలు పెట్టింది. ఎంత ఒత్తుగా వచ్చిందో చూడండి సార్ అని మురిసిపోయింది. ఆ అమ్మాయి ఎటో చూస్తూ, జడ తిన్నగా ఉందా సార్ అని నన్నడిగింది. ఉందమ్మా అన్నాను. ఆ అత్తగారి మీద నాకొచ్చిన కోపం ఇన్నేళ్ళయినా చల్లారలేదు, చల్లారాలని నాకు లేదు కూడా.

ఆ అమ్మాయికి ఆపరేషను అయిన సాయంత్రానికి తిరిగి వస్తాను. ఆస్పత్రి నుంచి తిన్నగా పురసవాక్కం వెళ్ళి ఒక దువ్వెన కొన్నాను. ఆ వారమే ఇంటి క్షురకుడు సందు తలుపు తట్టితే నేనే తీసి, పండగలకూ పబ్బాలకూ రమ్మనీ, ఈ పని మీద మాత్రం ఇక రావద్దనీ మర్యాదగా చెప్పాను. ఆయన అమ్మయ్య అన్నట్టు నవ్వి వెళ్ళిపోవడం చూస్తే, ముప్ఫై ఏళ్ళుగా ఆ పని ఆయనకూ ఇష్టం లేదని తెలిసింది. నాయనమ్మ నాతో చాలాకాలం మాట్లాడలేదు. దువ్వెన చేతిలో పెట్టినప్పుడు అత్త తల మీద రెండంగుళాల జుట్టుందేమో, సగానికి పైగా తెలుపే. "దువ్వేదానికి ఏముందిరా ఈడ," అని నవ్వుతూనే, ముందు ఏ వైపు నుంచి మొదలుపెట్టాలో తెలియక ఆగిపోయింది.

ఇప్పుడు వేలెడు పాయలోంచి మెదడును చేరుకునే పిల్లలొచ్చారు. మా చేతి డ్రిల్లూ, గాలి పరీక్షలూ, నేను కష్టపడి నేర్చుకున్న గొరుగుడూ అన్నీ పోయాయి, మంచిదే. అయితే మారింది మా పనిముట్లేనేమో అని పై అంతస్తు నుంచి దిగి వస్తుంటే అనిపించింది. జుట్టు తీయక్కర్లేని రోజులు వచ్చాయి గనక, జుట్టా కళ్ళా అని ఎవరినీ అడగాల్సిన పని మాకు తప్పింది. అడగాల్సి వస్తే ఇవాళైనా ఏం చెబుతారో నాకు నమ్మకం లేదు. వాళ్ళ సంగతి వదిలేయండి. ఒకే ఇంట్లో ఉంటూ, ఆమె చేతి అన్నం తింటూ, మా అత్తకు ఒక దువ్వెన కొనివ్వాలని తోచడానికి నేను మెదడు డాక్టరును కావాల్సి వచ్చింది, ఎవరి ఇంటి పిల్లకో రెండు కళ్ళూ పోవాల్సి వచ్చింది.