రాతిబొమ్మకు రవిక తొడిగిన అక్క

పోయిన మంగళవారం పొద్దున అన్నం వారుస్తుండగా ముంతాజ్ ఫోన్ చేసింది. ఎప్పుడు చేసినా ముందు నన్ను నాలుగు తిట్టి ఆ తర్వాత సంగతి చెప్పే మనిషి. ఆరోజు తిట్టలేదు. "అక్క పోయిందంట. నిద్దట్లోనే. పాలామె తలుపు కొట్టి కొట్టి పక్కింటోళ్లను పిలిచిందంట" అంది. నంద్యాల నుంచి అక్క ఉండే ఆళ్లగడ్డకు గంట ప్రయాణం. బస్సులో మేమిద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

అక్క అంటున్నా మా ఇద్దరికీ ఆమెతో రక్తసంబంధం ఏమీ లేదు. పుట్టింది ఆళ్లగడ్డలో. వాళ్ల నాయన రాతి శిల్పి. తొంభైల్లో హైదరాబాద్ పోయి బట్టల డిజైనింగ్ నేర్చుకుని వచ్చి, నంద్యాలలో ఒక మిద్దె మీద రెండు గదులు తీసుకుని కుట్టుషాపు పెట్టింది. ముంతాజ్ అక్కడ మగ్గం పని చేసేది. రవికల మీద ఆమె కుట్టిన నెమళ్లను చూడటానికే కొందరు మెట్లెక్కి వచ్చేవాళ్లు.

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది. వేరేచోట టైలర్లు కొలతలు తీస్తూ పెద్దగా అరిచి చెబుతారు, ఇంకొకరు రాసుకుంటారు. అక్క మాత్రం తెర వేసి, తానే తీసి, తానే రాసుకునేది. "కొలతలు అరిచి చెప్పేటివి గాదు. ఆడమనిషి ఈడికొచ్చి సిగ్గుతో పోగూడదు" అనేది. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని ఎవరన్నా అడిగితే, "ఎవురూ గట్టిగా అడగలా, నేనూ అడగలా" అని కత్తెర చేతిలోకి తీసుకునేది. ఆ మాటకు మేం నవ్వేవాళ్లం. అక్క నవ్వేది కాదు.

నేను ఆమెకు పరిచయమైంది రెండువేల సంవత్సరం దాటాక. అప్పుడు నేను కింది వీధిలో ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. ఒక మధ్యాహ్నం వచ్చి నా ఎదురుగా కూర్చుని, "అమ్మాయ్, దీంట్లో రవికల ఫొటోలు పెడితే వేరే ఊర్లోళ్లకు కనపడతాయా?" అని అడిగింది. కనపడతాయన్నాను. "అయితే నాకు నేర్పు" అంది.

ఫొటోలకు నిలబడటానికి ఒక్క ఆడపిల్లా దొరకలేదు. ఇంటర్నెట్ అనగానే ఇంట్లోవాళ్లు హడలిపోయేవాళ్లు. చివరికి అక్క నన్ను ఆళ్లగడ్డ తీసుకుపోయింది. వాళ్ల నాయన షెడ్డులో దీపం పట్టుకున్న ఆడమనిషి బొమ్మ ఒకటి ఉండేది, నిలువెత్తుది. ఏదో హోటలు వాళ్లు చేయించుకుని మళ్లీ రాలేదట.

"నాయనా, దీనికి రవిక తొడుగుతా" అంది అక్క.

ఆయన ఉలి కింద పెట్టాడు. "రాయికి రవికేందీ? నీకేమన్నా ఎర్రి పట్టిందా?"

"దేవత గాదు గదా నాయనా."

"గాదులే. దీపం పట్టుకునే పిల్ల." మళ్లీ ఉలి అందుకుని, "చేతులు సన్నగా చెక్కినా. ఇరగకుండా తొడుగు" అన్నాడు.

రాతి చేతులు వంగవు కాబట్టి వీపు వెనక, చేతుల కింద కుట్లు విప్పి, తొడిగి, మళ్లీ అక్కడే నిలబడి కుట్టింది. ముంతాజ్ కుట్టిన నెమలి ఆ నల్లరాయి మీద ఎంత బాగుందో చెప్పలేను. ఆ బొమ్మతోనే మా సైటు మొదలైంది.

అప్పట్లో తెలుగులో టైపు చేస్తే అవతలివాళ్ల కంప్యూటర్లో డబ్బాలు డబ్బాలుగా కనిపించేది. అందుకని అక్క కాగితం మీద చేత్తో రాసేది, దాన్ని నేను ఫొటోగా ఎక్కించేదాన్ని. ఏ వంటికి ఏ మెడ బాగుంటుంది, పాతచీరను ఏం చేసుకోవచ్చు, బిడ్డకు పాలిచ్చే తల్లి రవిక ఎట్లా కుట్టించుకోవాలి, ఇట్లాంటివి. ఆ పేజీకి తన పేరే పెట్టుకుంది. మెల్లగా ఎక్కడెక్కడి తెలుగు ఆడవాళ్లో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయడం మొదలుపెట్టారు. అందరికంటే ఎక్కువ రాసింది భిలాయిలో ఉండే ఒకామె. భర్త డ్యూటీకి పోయాక ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు ఉండరని, అక్క చేతిరాత చదివితే ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఉంటుందని రాసింది. అక్క ఆ ఉత్తరాన్ని నా చేత రెండుసార్లు చదివించుకుంది. "ఆ యమ్మకు నేనున్నా. నాకు ఆ యమ్మ ఉండాది" అంది. ఆ మాట నాకప్పుడు సగమే అర్థమైంది.

మూడు నాలుగేళ్లకు మా పేజీ పేరు బయటికి పోయింది. హైదరాబాద్ నుంచి ఒక కంపెనీవాళ్లు వచ్చి సైటు మాకిచ్చేయండి, మీరే ఎడిటరుగా ఉండండి అన్నారు. ముంతాజ్ వద్దంది. "నీ పేరు నువ్వు అమ్ముకుంటావా అక్కా?" అని మొహం మీదే అడిగింది. "ఇంకా ఎక్కువమందికి అందుతాది గదా" అంది అక్క. షాపు ముంతాజ్‌కు అప్పగించి హైదరాబాద్ పోయింది.

అక్కడ అద్దె గది, అద్దాల ఆఫీసు. రాతిబొమ్మ ఫొటోలు తీసేశారు. చేతిరాత తీసేశారు. ఒక్కొక్కరికీ జవాబు రాస్తూ కూర్చుంటే ఎట్లా మేడమ్ అన్నారట. ఆమె మన యాసలో మాట్లాడితే పక్క సీటు పిల్లలు నవ్వుకునేవాళ్లట. ఆదివారాలు షాపుకు ఫోన్ చేసేది. నేను సెంటరు మూసి అక్కడే ఉండేదాన్ని. ఒకసారి, "ఏమన్నా చెప్పక్కా" అన్నాను.

"చెప్పేదేమీ లేదు. ఫోను మిషన్ల కాడ పెట్టు. రోంతసేపు ఇంటా."

ముంతాజ్ కుట్టాల్సింది ఏమీ లేకపోయినా ఒక పాత గుడ్డముక్క తీసుకుని మిషను తొక్కింది. నేను ఫోను పట్టుకుని నిలబడ్డాను. అవతల ఊపిరి మాత్రమే వినిపించింది.

రెండేళ్లు తిరక్కుండానే వచ్చేసింది. సైటు వాళ్లదే, అగ్రిమెంటు ప్రకారం పేజీ మీద ఆమె పేరూ వాళ్లదే. అక్క నంద్యాలలో ఉండగానే అక్క పేరుతో ఇంకెవరో వారం వారం రాసేవాళ్లు, పైన ఎవరో అమ్మాయి ఫొటో. అక్క శనివారం మా సెంటరుకు వచ్చి అది చదివేది. కోపం కనిపించేది కాదు. సొంత ఇంట్లో వేరేవాళ్లు కాపురముంటే కిటికీలోంచి చూసే మనిషిలా ఉండేది.

ఒక శనివారం భిలాయి ఆమె ప్రశ్న కనిపించింది. ఆపరేషనులో ఒక రొమ్ము తీసేశారట, రవిక ఎట్లా కుట్టించుకోవాలో చెప్పమని అడిగింది. కింద రెండు ముక్కల జవాబు ఉంది: ఇప్పుడు వదులు కుర్తాలు ఫ్యాషన్, వాటిని ప్రయత్నించండి. అక్క కుర్చీ ముందుకు లాక్కుంది. తర్వాత, "నంద్యాల నుంచి ఒక ఆడమనిషి అని పెట్టు. నేను చెప్తా, నువ్వు కొట్టు" అంది.

లోపలి పొర ఎట్లా వేయించుకోవాలో, అందులో దూది కాకుండా ఏం పెట్టాలో, మచ్చకు కుట్టు తగలకుండా ఎక్కడ మలపాలో ఒక్కొక్కటే చెప్పింది. చివర్లో, "కొలత ఇచ్చేటప్పుడు తల దించుకోవద్దు తల్లీ" అని చెప్పింది. మరుసటి శనివారానికి జవాబు వచ్చింది. "మీరెవరో గానీ మా పాత అక్కలాగే రాశారు. ఆమె ఇప్పుడు మారిపోయింది."

"మనమే అని చెప్పేద్దామా అక్కా?" అన్నాను.

"ఏందని చెప్తావ్? మారిపోయిందనుకోనీ." కుర్చీలోంచి లేచి, "పాతది యాదికుండాది గదా. సాలు" అంది. బయటికిపోయి మెట్ల మీద కూర్చుంది. నేను వెంటపోలేదు.

ఆ నెలలోనే వేరే పేరుతో మళ్లీ మొదలుపెట్టింది. అప్పటికి తెలుగు అక్షరాలు అందరికీ కనిపిస్తున్నాయి. పాత పాఠకుల్లో కొందరే దారి కనుక్కుని వచ్చారు. భిలాయి ఆమె రాలేదు. అక్క ఏడాదిపాటు ఎదురుచూసింది, తర్వాత ఆ ఊసెత్తలేదు. ఆ పేజీ పెద్దది కాలేదు, ఆగిపోనూ లేదు. ఆరుగురు ఆడవాళ్లు దాంట్లో వచ్చే రవికల ఆర్డర్ల మీద బతికారు, వాళ్లలో నేనూ ఒకదాన్ని. నాయనకు పక్షవాతం వచ్చాక షాపు మాకే వదిలి ఆళ్లగడ్డ పోయింది. ఆయన పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. రమ్మంటే, "ఈడ అలవాటైపోయింది, ఒక్కదాన్నే ఉండేది" అనేది. రాసిన వాళ్లకు మాత్రం జవాబులు మానలేదు. పోయే ముందు రోజు సాయంత్రం కూడా ఎవరికో పావడా అంచు సంగతి రాసింది.

మేం పోయేసరికి ఇంటి ముందు పదిమంది కూడా లేరు. ముంతాజ్ అక్కకు తన చేత్తో కుట్టిన రవిక తొడిగింది. మగవాళ్లు పాడె ఎత్తుకున్నారు. ఆడవాళ్లం వీధి చివరిదాకా పోయి ఆగిపోయాం. అక్కణ్నుంచి రోడ్డు పొడవునా శిల్పుల షెడ్లు. అన్నిట్లో ఉలి చప్పుడు. ఒక షెడ్డు ముందుకు అక్క రాగానే దాంట్లో చప్పుడు ఆగేది, తర్వాత దాని పక్కదాంట్లో. మలుపు తిరిగాక మనుషులు కనపడలేదు. ఎంతవరకు చప్పుడు ఆగిందో దాన్నిబట్టి అక్క ఎక్కడిదాకా పోయిందో తెలుస్తూ ఉంది. ఊరి చివరి షెడ్డు కూడా ఆగింది. అప్పటికే మా పక్కనున్న మొదటి షెడ్డులో, ఎవరో మెల్లగా మళ్లీ కొట్టడం మొదలుపెట్టారు.