రాజీనామాకు ముందు సంగతి

జస్వంత్ సింగ్ సేఖోన్ మా పక్కింటాయన. 2002లో మేము న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఇల్లు కొనేనాటికే ఆయనకు అరవై దాటాయి. ఒకచోట కుదురుగా ఉండేవారు కాదు. ఫోన్లో మాట్లాడుతూ డ్రైవ్‌వే మీద అటూ ఇటూ తిరిగేవారు.

ఒకప్పుడు పంజాబ్‌లో పోలీసు అధికారి. 1984 జూన్‌లో స్వర్ణ దేవాలయంలోకి సైన్యం వెళ్లిన వారానికే నిరసనగా రాజీనామా చేసి, కొన్నాళ్లు జైల్లో ఉన్నారు. తర్వాత అమెరికా చేరి, సిక్కులకు వేరే దేశం కావాలనే ఒక చిన్న పార్టీకి న్యూజెర్సీ అధ్యక్షుడయ్యారు. ప్రతి సభలోనూ ఆ రాజీనామా ఉత్తరం చదివేవారు. జనం లేచి నిలబడేవారు.

"దేశాన్ని ముక్కలు చేయాలనే మాట నాకు నచ్చదండీ" అని మొహం మీదే చెప్పాను ఒకసారి.

"నచ్చక్కర్లేదు చక్రపాణీ, ఆదివారం మీటింగ్‌కి రైడ్ ఇవ్వు చాలు" అని నవ్వారు. అప్పటికి ఆయనకు కంటి ఆపరేషన్ అయి వారమే అయింది.

అది 2009 ఏప్రిల్. ఒక స్కూలు హాల్లో సభ. ఆయన ఉత్తరం చదవడం ముగించగానే మూడో వరసలో ఒకావిడ లేచింది. పేరు పరంజీత్ కౌర్, ట్రాయ్ అనే ఊరి నుంచి వచ్చానంది.

"రాజీనామా సరే. అంతకు ముందు ఏడాది మా తమ్ముడు బల్కార్‌ని మీ స్టేషన్‌కి తీసుకెళ్లారు. ఉగ్రవాది, ఎన్‌కౌంటర్లో పోయాడని కాగితం ఇచ్చారు. కింద మీ సంతకం ఉంది. అసలేం జరిగింది?"

నిర్వాహకులు కూర్చోమని కేకలేశారు. సేఖోన్ చెయ్యెత్తి వాళ్లను ఆపారు.

"ఎన్‌కౌంటర్ జరగలేదు. లాకప్‌లో కొడితే చనిపోయాడు. అప్పుడు నేను స్టేషన్‌లో లేను. కానీ అబద్ధమని తెలిసే సంతకం పెట్టాను."

ఎవరో వచ్చి మైకు లాగేసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో కార్లో ఆయనే మొదలుపెట్టారు. "ఇరవై ఆరేళ్లుగా ఎవరో ఒకరు అడుగుతారని భయపడుతూనే ఉన్నాను."

"మీరే చెప్పి ఉండొచ్చు కదా?"

"చెబితే ఆ ఉత్తరం ఎవరు వింటారు?"

ఆ వారమే పార్టీ ఆయన్ను తొలగించింది. గురుద్వారాలో కొందరు పలకరించడం మానేశారు. ఆయన మాత్రం లాయర్ దగ్గరికెళ్లి, కొట్టినవాళ్ల పేర్లతో అఫిడవిట్ రాయించి పరంజీత్‌కి పంపారు. ఆమె పంజాబ్‌లో కేసు వేసింది. సాక్ష్యం చెప్పడానికి వెళదామంటే, అప్పటికే అమెరికా పౌరుడైన ఆయనకు ఇండియా వీసా రాలేదు. మూడుసార్లు అప్లై చేశారు, మూడుసార్లూ కాదన్నారు. మనశ్శాంతి దొరుకుతుందనుకున్న మనిషికి నిద్ర కూడా దూరమైంది.

2014లో కోర్టు ఆ చావును కస్టడీ మరణంగా రికార్డుల్లో మార్చమంది. పేర్లున్న వాళ్లలో ఇద్దరు అప్పటికే పోయారు. మూడోవాడికి శిక్ష పడలేదు. పరంజీత్ ఆయనకు ఫోన్ చేసినప్పుడు నేను వాళ్లింట్లోనే ఉన్నాను.

"మిమ్మల్ని క్షమించలేదు. కానీ మా తమ్ముడు ఉగ్రవాది కాదని ఇప్పుడు కాగితం మీద ఉంది" అందట.

"సరే బెహన్‌జీ" అని ఫోన్ పెట్టేసి, నా వైపు తిరిగారు. "అలా సంతకం పెట్టినవి ఇంకా నాలుగున్నాయి. నువ్వు టైప్ చేస్తావా?"

చేశాను. 2015 వేసవికి మూడు అఫిడవిట్లు ఆయా కుటుంబాలకు చేరాయి. నాలుగో కుటుంబం జాడ దొరకలేదు. ఇప్పుడు పొద్దున లేస్తూనే కాలిఫోర్నియా, కెనడా గురుద్వారాలకు ఫోన్ చేసి, ఆ కుటుంబం ఊరివాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతున్నారు.