గిన్నెలో గుండెకణాలు

ప్రయోగశాలలో గాజు సామాను కడిగే పెద్దమ్మ, వేడిపెట్టె దగ్గరకు వెళ్ళేటప్పుడు లోపల పసిపిల్ల నిద్రపోతున్నట్టు మునివేళ్ళ మీద నడుస్తుంది. అందులో, ఒక గిన్నెలో, మూడు వారాలుగా పెంచుతున్న గుండెకణాలు ఉంటాయి. ఆ ఉదయం పరిశోధకురాలు గిన్నెను బయటికి తీసి, సూక్ష్మదర్శిని కింద గంటసేపు చూసి, "కొట్టుకోవడం ఆగిపోయింది పెద్దమ్మా, పారబోసెయ్," అని కళ్ళు తుడుచుకుంది. పెద్దమ్మ గిన్నె అడుగున వేలు ఆనించింది. "ఇంత చల్లబడితే వాటికి సత్తువ ఎలా పుడుతుంది తల్లీ?" అంటూ గిన్నెను మళ్ళీ పెట్టెలో పెట్టి, తలుపుకు అడ్డంగా నిలబడింది. అరగంట తర్వాత తీసి చూశారు. ఒక మూల ఒక కణం అదిరింది, పక్కది అందుకుంది, ఆ కబురు గిన్నెంతా పాకి అన్నీ ఒక్కసారే కొట్టుకున్నాయి! పరిశోధకురాలు గంతేసి ఆమెను వాటేసుకుంది. "సంబరం తర్వాత తల్లీ," అంది పెద్దమ్మ, "ముందు వాటిని లోపల పెట్టనీ!"