పదకొండు అడుగులు

విజయదుర్గది గుడివాడ దగ్గర ఊరు. పెళ్ళయి హైదరాబాదు వచ్చాక ముప్పయ్యేళ్ళు నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పింది. రిటైరయ్యాక ఇంట్లో కూర్చోలేక, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కళ్ళద్దాల షాపు పైన గది అద్దెకు తీసుకుని, పెద్దవాళ్ళని కనిపెట్టుకునే పనికి వెళ్ళాలనుకునే ఆడవాళ్ళకి మూడు నెలల కోర్సు నడిపింది. మనిషి వయసుని ఏళ్ళతో కాదు, తన పని తను ఎంత చేసుకోగలడన్న దాంతో చూడాలని మొదటి రోజే చెప్పేది. సీనియర్ సిటిజన్ల చట్టం మీద కూడా ఒక క్లాసు ఉండేది. తిండి, బట్ట, నీడ, వైద్యం, ఈ నాలుగూ పిల్లలు చూడాలని చట్టం అంటుందని బోర్డు మీద రాసి, వాళ్ళ చేత రాయించేది.

డెబ్బయ్యొకటో ఏట ఒక ఆదివారం పొద్దున కాఫీ గ్లాసు చేతిలోంచి జారిపోయింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మూతి వంకర పోయింది. ఆస్పత్రిలో పన్నెండు రోజులుండి, మన్సూరాబాద్‌లో ఇంటికి తిరిగొచ్చింది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమె కొడుకు మురళీకృష్ణ, కోడలు సింధు దగ్గరే ఉంటోంది. ఇద్దరూ ఉద్యోగస్తులు. ఆమెకి ఏ లోటూ చెయ్యలేదు. గాలి వచ్చే గది ఇచ్చారు. గాలి పరుపు కొన్నారు. పగలు చూసుకోవడానికి ఒక ఏజెన్సీ నుంచి మనిషిని పెట్టారు.

వచ్చిన మనిషి చెడ్డదేం కాదు. చకచకా పని చేసేది. రాగానే డైపర్ కట్టింది. ఆస్పత్రిలో కట్టినప్పుడు విజయదుర్గ ఏమీ అనుకోలేదు, అప్పుడు లేవలేని స్థితి. ఇప్పుడు ఎడమకాలు బాగానే ఆనుతోంది. ఎవరైనా లేపి పట్టుకుంటే బాత్రూము దాకా వెళ్ళగలనని ఆమెకి తెలుసు. చెప్దామంటే మాట రాలేదు. తలలో వాక్యం మొత్తం ఉండేది, నోట్లోంచి "బా... బా..." అని మాత్రం వచ్చేది. ఎడమచేత్తో తలుపు వైపు చూపించింది.

"డైపరుంది కదమ్మా, అందులోనే పోసెయ్యండి. నేను మార్చేస్తాను," అంది ఆ మనిషి దుప్పటి సర్దుతూ.

విజయదుర్గ రెండు గంటలు ఆపుకుంది. ఆ తర్వాత ఆపుకోలేకపోయింది. తడి వెచ్చగా నడుం కిందికి పాకి, కాసేపటికి చల్లబడింది. 'అందులోనే పోసెయ్యండి' అన్న మాట ఎవరితోనూ అనకూడదని ఆమె ఎన్ని బ్యాచ్‌లకి చెప్పిందో. విన్న మనిషికి ఎలా ఉంటుందో మాత్రం ఏనాడూ చెప్పలేదు. ఆమెకీ తెలియదు గనక.

నెల తిరిగేసరికి చెయ్యెత్తి చూపించడం తగ్గించేసింది. అన్నం తగ్గింది. నీళ్ళ గ్లాసు దగ్గరకి తెస్తే మొహం తిప్పుకునేది. "అత్తయ్యగారూ, రెండు గుక్కలు తాగండి," అని సింధు బతిమాలేది. అమ్మ దిగులు పెట్టుకుందని మురళి డాక్టరుకి చెప్పాడు. ఆయన దిగులు తగ్గే మాత్రలు రాశాడు. నీళ్ళు తాగితే తర్వాత ఏమవుతుందో ఆమెకి తెలుసని ఎవరికీ తోచలేదు.

ఇంతలో ఆ పనిమనిషి చెల్లెలి పెళ్ళని వెళ్ళిపోయింది. ఏజెన్సీ వాళ్ళు గీతని పంపారు. గీతకి నలభై దాటాయి. నకిరేకల్ దగ్గర పల్లె. మొగుడు బాటసింగారం మార్కెట్టుకి పండ్ల లోడు తోలే లారీ డ్రైవరు. ఎల్బీనగర్‌లో కిరాయికుంటారు. ఆమె ఏ కోర్సూ చదవలేదు. మంచాన పడ్డ అత్తని ఆరేళ్ళు చూసుకుంది, అంతే.

మొదటి రోజు విజయదుర్గ చెయ్యి తలుపు వైపు లేచింది. ఆశేం లేదు, అలవాటుగా లేచిందంతే. గీత ఆ చేతిని చూసింది, తలుపుని చూసింది.

"బాత్రూంకి పోతరా అమ్మా? జర ఆగుండ్రి, చెప్పులేస్త."

తువ్వాలు ఒకటి పొడుగ్గా మడిచి విజయదుర్గ నడుముకి చుట్టి, వెనకనుంచి గట్టిగా పట్టుకుంది. మంచం నుంచి బాత్రూముకి పదకొండు అడుగులు. నాలుగో అడుగు దగ్గర కుడికాలు కదల్లేదు. గీత లాగలేదు, తొయ్యలేదు.

"తొందరేం లేదు. నాకింకేం పనున్నది?" అని అలాగే నిలబడింది.

ఇరవై నిమిషాలు పట్టింది. కమోడ్ మీద కూర్చోబెట్టి, నైటీ సర్ది, తలుపు ఓరగా వేసి, "నేనీడనే ఉన్న," అంది బయటనుంచి.

విజయదుర్గ లోపల కూర్చుని చప్పుడు కాకుండా ఏడ్చింది. ఇలా ఆగి నిలబడడం తన పాఠాల్లో ఎక్కడా లేదు. రోగిని మంచం నుంచి కుర్చీలోకి మార్చడానికి పరీక్షలో ఆరు నిమిషాలు ఇచ్చేది. ఏడో నిమిషం పడితే మార్కులు కోసేది.

ఆ రోజు మధ్యాహ్నం రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. వారాలు గడిచాక అన్నం పెరిగింది, ఒక్కో మాట రావడం మొదలైంది. మురళి బాత్రూము గోడలకి స్టీలు రాడ్లు పెట్టించాడు, వాకర్ తెచ్చాడు.

గీత వచ్చిన నాలుగో నెలలో విజయదుర్గ కింద పడింది. బాత్రూము గడప దగ్గర తడి ఉంది, వాకర్ జారింది. గీత తువ్వాలు వదల్లేదు గానీ ఇద్దరూ కూలబడ్డారు. తలుపు అంచు తగిలి విజయదుర్గ నుదుటికి మూడు కుట్లు పడ్డాయి.

సాయంత్రం మురళి వసారాలో నిలబడి అన్నాడు. "ఇంక చాలు గీతమ్మా. తుంటి విరిగుంటే ఏమయ్యేది? రేపట్నుంచి మళ్ళీ డైపర్లే. లేపొద్దు."

"తప్పు నాదే సార్, తడి చూడలె," అని గీత తలొంచుకుంది. కాస్సేపాగి, "గని ఒక్కపారి అమ్మనడుగుండ్రి," అంది.

"అడిగేదేముంది? అమ్మ మంచికేగా."

గదిలోంచి పిలుపు వినిపించింది. "ము...రళీ."

పక్షవాతం వచ్చాక ఆమె కొడుకు పేరు పూర్తిగా పలకడం అదే మొదలు. అతను పరిగెత్తుకొచ్చి మంచం అంచున కూర్చున్నాడు.

"ప...డతా," అంది.

"పడవులే అమ్మా. ఇంక లేపం."

ఆమె కోపంగా తల అడ్డంగా ఊపింది. అతను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది. మాట వెతుక్కుని, కూడదీసుకుని, మళ్ళీ అంది. "పడ...నీ. లేపు... నన్ను."

"అప్పుడు నువ్వు అన్నం, నీళ్ళు మానేసింది... డైపర్ కట్టినందుకా అమ్మా?" అన్నాడు మురళి. విజయదుర్గ కళ్ళు మూసుకుంది. అతను ఆ వారంలోనే గడప తీయించి నేల చదును చేయించాడు. జారని చాపలు వేయించాడు.

దసరాకి గీత మూడు రోజులు ఊరికి వెళ్తానంది. సద్దుల బతుకమ్మకి ఊరికి పోయి రెండేళ్ళయింది. సింధుకి నడుం నొప్పి, బరువు ఆనించుకోలేదు. నేను చూసుకుంటానని మురళి సెలవు పెట్టాడు. తువ్వాలు ఎలా చుట్టాలో, ఏ వైపు నిలబడాలో గీత చూపించి వెళ్ళింది.

మర్నాడు పొద్దున విజయదుర్గ ఎనిమిదైనా చెయ్యెత్తలేదు. కొడుకుని ఆ పని అడగడం ఎలాగో తెలియక బిగబట్టుకుని పడుకుంది.

"వెళ్దామా అమ్మా?" అని అతనే అడిగాడు, ఆమె వైపు చూడకుండా.

మూడో అడుగు దగ్గర కాలు ఆగిపోయింది. అతను ఎత్తుకోబోయాడు.

"ఎత్త...కు."

"మరేం చెయ్యను?"

"ఉండు."

జేబులో ఫోను మోగి మోగి ఆగిపోయింది. అతను తియ్యలేదు. లోపల నైటీ సర్దేటప్పుడు మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. విజయదుర్గకీ సిగ్గేసింది. కానీ లేచేటప్పుడు ఎడమచెయ్యి అతని భుజం మీద వేసి, బరువంతా ఆనించింది. మూడో రోజుకి ఇద్దరికీ అంత ఇబ్బందిగా లేదు.

ఇప్పుడామెకి డెబ్బయి మూడు. కుడిచెయ్యి రాలేదు, ఇక రాదని డాక్టరు చెప్పాడు. ఆ తర్వాత మరో రెండుసార్లు పడింది. ఒక్కోరోజు బాత్రూము చేరేలోపే అయిపోతుంది కూడా. అప్పుడు గీత నేల తుడుస్తుంది, ఆమె కుర్చీలో కూర్చుని ఉతికిన నైటీ ఎడమచేత్తో తలమీంచి తనే తొడుక్కుంటుంది.