చెయ్యి పెట్టి చూసిన బూటు

ఆ పిల్లల బూట్ల ఫ్యాక్టరీలో ఆయన్ని అందరూ తాబేలు మావయ్య అనేవారు. ముఖం మీదే అనేవారు, ఆయనా పలికేవాడు. మరి అనరా? పక్కవాడు పది జతలు చూసేలోగా ఈయన ఆరు చూస్తాడు. తయారైన ప్రతి బూటులోనూ చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, మడమ దగ్గర్నుంచి బొటనవేలి దాకా తడుముతాడు. ఎండిన జిగురు బొడిపె, మడత పడ్డ లోపలి గుడ్డ, దారపు ముడి, ఏదీ ఆ చేతిని దాటి పోయేది కాదు. ఇరవై రెండేళ్లుగా అదే పని. శభాష్ అన్న నాథుడు లేడు.

"కాస్త గబగబా చూస్తే నీ సొమ్మేం పోయింది?" అని భార్య చెవిలో ఇల్లు కట్టుకుని పోరేది.

"పెద్దాళ్లకి గుచ్చుకుంటే బూటు విప్పి మన మొహాన కొడతారే. పిల్లలు చెప్పరు, నడకే మార్చేసుకుంటారు."

సాయంత్రం బస్టాపులో బడిపిల్లలు గెంతుతుంటే వాళ్ల కాళ్లకేసి చూస్తూ రెండు బస్సులు వదిలేసేవాడు. పిచ్చి మనిషి. ఆయన సంతోషమంతా అక్కడే ఉండేది.

ఇంతలో కొత్త మేనేజరు ఒక యంత్రం తెప్పించాడు. బూటులో మేకు ముక్కో సూది ముక్కో ఉంటే అది కూత పెడుతుంది. "ఇక మీ చేతికి విశ్రాంతి" అని మంచిగానే చెప్పి, మావయ్యను అట్టపెట్టెలు మూసే బల్లకి మార్చాడు. ఆ పూట మావయ్య అన్నం క్యారేజీ మూతైనా తియ్యలేదు.

కానీ చెయ్యి ఊరుకుంటుందా! మూత పెట్టబోయే ముందు మళ్లీ బూటులోకి దూరేది. వారం తిరిగేసరికి పెట్టెల లెక్క సగానికి పడింది, బల్ల కింద పదకొండు జతలు పోగయ్యాయి. ఇదివరకైతే అలాంటివి కుట్టినవాళ్లకే చప్పుడు కాకుండా ఇచ్చి సరిచేయించేవాడు, ఎవరి పేరూ పైకి రానిచ్చేవాడు కాదు. ఇప్పుడు బల్ల వదిలి కదలడానికి లేదు.

మేనేజరు వచ్చి చూశాడు. "యంత్రం పాస్ చేసినవి మీరు ఆపడమేంటండీ? ఎవరు కుట్టారో చెప్పండి, వాళ్లనే అడుగుతా. లేదంటే రేపట్నుంచి గోడౌన్‌లో మూటలు మోయండి."

"మూటలే మోస్తానండి" అన్నాడు మావయ్య.

కుట్టుమిషన్ల వరసలోంచి ఒకావిడ లేచి వచ్చింది. నోటి దురుసుకి పేరుమోసిన మనిషి. "ఏడు జతలు నావేనండి. లోపల గుడ్డ మడత పడింది. కంటికి కనపడదు, చెయ్యి పెట్టండి" అంది. వెనకాలే ఇంకో ఇద్దరు లేచి, మిగతావి తమవేనన్నారు.

మేనేజరు చెయ్యి పెట్టాడు. చిటికెన వేలి దగ్గర ఆ చెయ్యి ఆగింది. ఇంకో బూటు తీశాడు, ఇంకోటి తీశాడు. తప్పు ఒప్పుకోవడానికి నామోషీ పడని మనిషి, అది మాత్రం చెప్పుకోవాలి. "యంత్రం పక్కనే ఈయన కుర్చీ వేయండి" అన్నాడు.

"మరి లెక్క..." అని మావయ్య నసిగాడు.

"అది నేను చూసుకుంటాను."

పని వదిలే వేళకి మావయ్య ఆవిడ మిషను దగ్గరికి వెళ్లాడు. "నా కోసం నీ పేరు బయట పెట్టుకున్నావేంటమ్మా? నీ మీదకి వస్తే?"

ఆవిడ తల ఎత్తకుండానే దారం తెంపింది. "మా చిన్నదానికి వేరే బూట్లు కొనను మావయ్యా, ఇవే కొంటాను. మీ చెయ్యి పడిందన్న ధైర్యం."

ఆ మాట ఇంటికెళ్లి భార్యకి మూడుసార్లు చెప్పబోయాడు. మూడుసార్లూ సగంలోనే ఆగి, మళ్లీ మొదట్నుంచి మొదలెట్టాడు.