గుర్తు లేని గుడ్డ

నెత్తురు గురించి మా ఊరి మగవాళ్లకు తెలిసినంత పట్నం డాక్టర్లకు కూడా తెలియదని ఆ ఏడాది నాకు అర్థమైంది. నవాబు పాలన పోయిన కొత్త రోజులవి. పుప్పాలగూడకు అవతల ఉన్న మా చిన్న ఊళ్లో పట్వారీని ఎవరో పొలం గట్టు మీద గొంతు కోసి చంపారు. భూముల లెక్కలన్నీ ఆయన చేతిలో ఉండేవి కాబట్టి చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆయన తెలుసు, సగం మందికి ఆయనంటే మంట. పట్నం పత్రికలో కూడా వార్త పడింది. ఇక చూడండి, మూసాపేట నుంచి బండి కట్టుకొని వచ్చేవాళ్లు కూడా మా ఇంటి ముందు ఆగి సంగతి అడిగి పోయేవారు.

మా ఇంటి ముందే ఎందుకంటే మా మామ ఊరి పటేలు. అరుగు మీద ఎప్పుడూ జనం. నేను కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. మగవాళ్ల ముందుకు పోకూడదు గనుక తలుపు వెనక నిలబడి వాళ్ల మాటలు వినడమే నాకు కాలక్షేపం.

పోలీసులు మా చాకలిని పట్టుకుపోయారు. వెట్టి చేసే కాలం పోయిందని, పట్వారీ ఇంటి బట్టలు ఇక ఊరికే ఉతకనని అతను హత్యకు ముందు నలుగురిలో అన్నాడు. అది చాలదన్నట్టు వాగు దగ్గర అతని బట్టల మూటలో నెత్తురు మరకల గుడ్డ ఒకటి దొరికింది. పోలీసు ఠాణా పెద్ద అయిన అమీను దాన్ని పరీక్షకు పట్నం పంపాడు. మనిషి నెత్తురేనని కాగితం వచ్చింది. అంతే, మా అరుగు మీద కోర్టు మొదలైంది.

"మేక నెత్తురు గాదు, కోడి నెత్తురు గాదు. మనిషిదేనని రాసిండ్రు. ఇంకేం గావాలె?" అన్నాడొకాయన.

"గది ఒక్కటే గాదు, గుర్తు సంగతి చూడుండ్రి," అన్నాడు మా మామ. ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి చేరడానికి చాకలి ప్రతి బట్ట మూలనా చెరగని నల్లజీడి గింజ రసంతో చిన్న గుర్తు పెట్టేవాడు. మా ఇంటికి రెండు అడ్డగీతలు. "మూటల అన్ని బట్టలకు గుర్తుంది. ఆకుపచ్చ అంచున్న గా ఒక్క ముక్కకే లేదు. అంటే ఉతకనీకి వచ్చిన బట్ట గాదు. వాడు కత్తి తుడిచిన గుడ్డ."

"అవ్ పటేలా, మంచిగ పట్టినవ్," అని అందరూ తలలూపారు. మా ఆయన కూడా ఊపాడు.

నాకు ఒళ్లు మండింది, ఆ వెంటనే సిగ్గుతో చచ్చిపోయాను. మా ఊళ్లో ఒకే ఒక్క రకం గుడ్డకు గుర్తు పెట్టరు. ఆడవాళ్లు నెలనెలా బయట ఉన్నప్పుడు వాడేది. అది ఏ ఇంటిదో ఎవరికీ తెలియకూడదని చాకలి భార్య దాన్ని విడిగా చుట్టి మూట అడుగున పెట్టుకుపోయి, ఉతికి, కొంగు చాటున తెచ్చి పెరట్లో పెట్టేది. ఊళ్లో ఏ ఆడదాన్ని అడిగినా చెప్పేది. ఎవరూ అడగలేదు. ఇంతమంది పెద్దమనుషులు కూర్చొని మనిషి నెత్తురు గురించి అంతలా మాట్లాడుతుంటే, అది కత్తి లేకుండా కూడా వస్తుందని ఒక్కడికీ తట్టలేదు.

ఆకుపచ్చ అంచు నాదే. పుట్టింటి నుంచి తెచ్చుకున్న పాత చీర చింపి, సగం వాడి చాకలామెకు వేశాను. మిగిలిన సగం నా పెట్టెలో ఉంది.

పెరట్లోకి పోతే చాకలామె గోడవారన కూర్చొని ఉంది. "ఉరేస్తరంటున్నరమ్మా," అంది. ఆ గుడ్డ నా దగ్గర తీసుకుపోయింది ఆమే కదా, ఆమెకు తెలియకపోవడమేమిటి? అయినా అడగలేదు, నా మొహం కూడా చూడలేదు.

అత్తకు చెప్పాను. "నోరు మూసుకో పిల్లా. మొగోళ్ల ముందట గసొంటి మాటంటే ఇంటి ఇజ్జత్ ఉంటదా?" అంది. అత్త చెడ్డది కాదు. చాకలి పిల్లలకు రోజూ తాగడానికి జొన్న గటక పంపిస్తున్నది ఆమే. ఆ మాట పైకి అనొచ్చని ఆమెకు ఊహకైనా అందలేదు, అంతే.

మరునాడు అమీను ఆ గుడ్డను తెచ్చి మా అరుగు మీద పరిచాడు, ఎవరైనా ఆనవాలు పడతారేమోనని. జనం ఒకరి మీద ఒకరు పడి చూశారు. మరక వెడల్పు చూపించి, కత్తి ఇంత ఉంటుందని చేత్తో కొలిచాడొకాయన. చాకలిని తాడు కట్టి తీసుకొచ్చారు. అతని చేతివేళ్లు వాచి, ముడుచుకోలేకుండా ఉన్నాయి.

"ఎవలదిరా ఇది?" అన్నాడు అమీను.

"తెల్వదు సాబ్."

చెంప పగిలేలా కొట్టాడు. "తెల్వదు సాబ్," అన్నాడు మళ్లీ, నేల చూస్తూ.

అతనికి తెలుసని, తెలిసీ చెప్పడం లేదని అప్పుడు నాకు అర్థమైంది. పెట్టె తెరిచి మిగిలిన సగం తీసుకొని, కొంగు మొహం మీదికి లాక్కొని గడప దాటాను.

"అది నాది," అన్నాను. జనం గోలలో ఎవరికీ వినిపించలేదు. మళ్లీ అన్నాను. "నాది. బయటున్నప్పటిది."

ముందు ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆ గుడ్డ మీదికి వంగినవాళ్లంతా వెనక్కి జరిగారు. అమీను తన పని తాను చేయాలి కదా. రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టించాడు. చిరుగుకు చిరుగు కలిసింది, అంచు అంచుకు అతికింది. పట్టపగలు, నిన్న తలలూపిన ప్రతి మగవాడి కళ్ల ముందు. ఏ రోజు వేశావని అడిగాడు, చెప్పాను. మామ లేచి లోపలికి పోయాడు. మా ఆయన తన చెప్పుల వంక చూస్తూ నిలబడ్డాడు. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది.

చాకలిని విడిచిపెట్టారు. పట్వారీని చంపిందెవరో నాకు ఇప్పటికీ తెలియదు. ఊళ్లో వాళ్లు ఆ సంగతి వదిలేసి నా సంగతి పట్టుకున్నారు. బావి దగ్గర నన్ను చూస్తే ఆడవాళ్లు మాట ఆపేసేవారు, మగపిల్లలు నవ్వేవారు. మా ఆయన చాలా రోజులు నాతో పలకలేదు. నేను కూడా ఆ గుడ్డలు ఇక చాకలామెకు వేయలేదు. నేనే ఉతుక్కొని, గొడ్ల కొట్టంలో తవుడు బస్తాల వెనక ఆరేసుకునేదాన్ని.

ఒకరోజు చాకలి పెరటి వైపు వచ్చాడు. ఎప్పుడూ భార్యే వచ్చేది, అతను అటు రాడు. వేళ్లకు ఇంకా కట్లున్నాయి. కృతజ్ఞత చెప్పడానికి వచ్చాడనుకొని విసుక్కున్నాను. నన్నెవరూ చూడకపోతే చాలు, నాకు ఎవరి దండాలూ అక్కర్లేదు.

గోడకు అవతలే ఆగిపోయాడు. తలెత్తలేదు.

"తప్పయిందమ్మా," అన్నాడు. "నీ బట్ట నలుగురి కండ్ల పడకుంట కాపాడలేకపోయిన. గందుకేనా మా ఇంటిదానికి బట్టలిస్తలేవు?"

కాదని చెప్పకుండానే గిరుక్కున తిరిగి తలుపు చాటుకు పోయి కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చాను. చాలాసేపటికి సందులోంచి చూస్తే అతను ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, నేను బయటికొచ్చి మన్నించానని అంటానేమోనని.